తాతయ్యకు మిగిలిన ఒక్క మాట

నా చిన్నప్పుడు మా ఊళ్లో రాళ్లకు కరువు లేదు. ఆర్మూర్ తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఏ వీధిలో నిలబడి తలెత్తినా సిద్ధుల గుట్ట కనబడుతుంది, నల్లటి బండలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుని ఉంటాయి. పిల్లలం ఆ రాళ్ల మీదే ఆడుకునేవాళ్లం, ఆ రాళ్ల మీదే పడి మోకాళ్లు చెక్కుకునేవాళ్లం. అందుకేనేమో, మా తాతయ్య నోట ఆ మాట వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ రాళ్ల కోసమే వెతికాం. దానికి ఇంకో అర్థం ఉండొచ్చని మాలో ఎవరికీ తోచలేదు.

తాతయ్య అంటే మా నాన్నకు నాన్న. ఊరి చివర బావి కింద కాస్త భూమి ఉండేది మాకు. అందులో పసుపు, పక్కన మక్కజొన్న వేసేవాడు. బడి మొహం చూసినవాడు కాదు గానీ మాటల్లో ఆయనను గెలిచిన మనిషిని నేను చూడలేదు. మనుషులు దొరికితే మనుషులతో, లేకపోతే బర్రెలతో మాట్లాడేవాడు. మార్కెట్ యార్డుకు పసుపు బస్తాలు తీసుకుపోయిన రోజు ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరూ చెప్పలేకపోయేవారు, ఎందుకంటే దారిలో ఎదురైన ప్రతి ఒక్కరి మంచీ చెడ్డా కనుక్కుని గాని కదిలేవాడు కాదు. సాయంత్రం ఇల్లు చేరగానే, కాళ్లు కూడా కడుక్కోకముందే, నన్ను పిలిచి "ఏం రాసినవే పంతులమ్మా ఇయ్యాల?" అని అడిగేవాడు. నేను నాలుగో తరగతి. ఎక్కాలు రాశానన్నా, ఆవు మీద వ్యాసం రాశానన్నా ఒకేలా తల ఊపి, ఇంకా రాయమనేవాడు.

మా నాన్న మస్కట్‌లో ఉండేవాడు, కట్టడాల పనిలో. మేం ఆయనను బాపు అనేవాళ్లం. ఆ రోజుల్లో మా వైపు ఇళ్లలో ఉత్తరాల కంటే కేసెట్లు ఎక్కువ నడిచేవి. టేప్ రికార్డర్ ముందు అందరం చుట్టూ కూర్చుని తలా ఒక మాట చెప్పి, మస్కట్ పోయేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లం. తలా ఒక మాట అని పేరుకే. మా ఇంట్లో కేసెట్ రెండు వైపులా తాతయ్యే నింపేసేవాడు. పసుపు ఎట్లా ఊరిందీ, బర్రె ఎప్పుడు ఈనిందీ, ఎవరి పెళ్లిలో పప్పు మాడిందీ, అంతా ఆయన గొంతే. చివర్లో టేపు కాస్త మిగిలితే అమ్మ గబగబా పాణం పైలమని ఒంటి జాగ్రత్త చెప్పేది, నేను "బాపూ" అనేలోపు టక్కున ఆగిపోయేది. అమ్మకు లోపల కోపంగానే ఉండేది, పైకి మాత్రం ఏమీ అనేది కాదు.

అంత మాటకారి ఒక్క పొద్దున మూగబోయాడు. పసుపు ఉడకబెట్టే రోజులవి. పొలంలో పెద్ద కడాయి కింద మంట ఎగదోస్తూ, ఎవరినో ఆటపట్టిస్తూ, ఆ మాట పూర్తి చేయకుండానే పక్కకు ఒరిగిపోయాడట. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు, అందరూ నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోయారు. పక్షవాతమన్నారు. కొన్నాళ్లు అక్కడే ఉంచుకుని ఇంటికి పంపారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట రావచ్చు, రాకపోవచ్చు, ఏదీ చెప్పలేమన్నారట డాక్టర్లు.

మాట వచ్చింది. కానీ ఒక్కటే వచ్చింది. మంచం మీద పడుకోబెట్టి నానమ్మ గంజి పట్టబోతుంటే ఆయన నోరు వంకరగా కదిలి, "రాయి" అన్నాడు. చాలా స్పష్టంగా అన్నాడు. నానమ్మ సంతోషంతో ఏడ్చేసింది. తర్వాత మంచినీళ్లు కావాలన్నా అదే మాట, దుప్పటి తీసేయమన్నా అదే మాట. నీళ్లూ దుప్పటీ అయితే చూపును బట్టి తెలుసుకోగలిగాం. ఏమీ అక్కర్లేని వేళ కూడా మా మొహాల్లోకి చూస్తూ, ఏదో పెద్ద పని అప్పజెప్పుతున్నట్టు "రాయి, రాయి" అనేవాడు. మాకు అర్థం కాలేదని తెలిసినప్పుడు ఆయన ఎడమ కంట్లోంచి నీళ్లు కారేవి. మాటల మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఉంటుందా! ఆయన మాటల కోసం వెతుక్కుంటూంటే చూడలేక నేను పెరట్లోకి పారిపోయేదాన్ని.

ఎవరి గుబులు వాళ్లకు ఆ మాటలో వినబడింది. నానమ్మ కాపడం కోసం అడుగుతున్నాడనుకుంది. రాయి వేడి చేసి, గుడ్డలో చుట్టి, పడిపోయిన చేతికి కాపడం పెట్టింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. మా బాబాయికి హద్దురాయి గుర్తొచ్చింది. పక్క పొలం ఆయన హద్దు జరిపాడని, మంచాన పడి కూడా ముసలాయన అదే చెబుతున్నాడని గడ్డపార తీసుకుని పోయాడు. హద్దురాయి ఉన్నచోటే ఉంది. పోయిందల్లా ఆ పక్క పొలం ఆయనతో స్నేహమే. మెండోర నుంచి మేనత్త వచ్చింది, సంచిలో చేపలతో, కళ్లనిండా నీళ్లతో. గుట్ట మీది దేవుడికి ఏదో మొక్కు బాకీ పడిందని ఆమె తేల్చింది. ఆయాసపడుతూ గుట్ట ఎక్కి, అక్కడి నుంచి చిన్న రాయి ఒకటి కొంగున కట్టి తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి తలగడ పక్కన ఉంచింది. తాతయ్య ఎడమ చేత్తో దాన్ని తోసేశాడు. అది దొర్లి కింద పడితే పెద్దవాళ్లందరూ భయంతో చెంపలు వేసుకున్నారు.

నేను కూడా ఊరుకోలేదు. ఆయనకు ఏ రాయి కావాలో నేనే కనిపెడతాననుకున్నాను. కొడవలి నూరుకునే రాయి తెచ్చి చూపించాను. ఆయన కూర్చుని స్నానం చేసే బండ దగ్గరి చిన్న పలుగురాయి తెచ్చాను. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టేది, ఊరగాయ జాడీ మీద బరువు పెట్టేది, పొలం గట్టున ఆయన పొగాకు డబ్బా పెట్టుకునే చోటిది, ఏది కనబడితే అది. ఒక్కొక్కటి ఆయన మొహం ముందు పట్టుకుని "ఇదా తాతా?" అని అడిగేదాన్ని. మొదట్లో ఓపిగ్గా చూసేవాడు. తర్వాత తర్వాత నేను చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికి రావడం చూడగానే కళ్లు మూసుకునేవాడు. మంచం కింద రాళ్ల వరస పెరిగింది. అమ్మ ఊడ్చేటప్పుడు వాటిని జరిపి, ఊడ్చి, మళ్లీ ఎక్కడివక్కడే పెట్టేది. పారేయడానికి ఆమెకూ ధైర్యం లేదు.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. మధ్యాహ్నాలు తన చాట తెచ్చుకుని మా ఇంటి నీడలో, బీడీలు చుట్టే అమ్మతో పాటు కూర్చునేది. ఒడిలో చాట, చాటలో తునికాకు, పొగాకు. మాట్లాడుతూనే ఉండేది గానీ వేళ్లు ఆగేవి కావు. ఒకరోజు నేను గుట్ట కింద నుంచి మోయలేని బండరాయి ఒకటి కడుపుకు ఆనించుకుని తెస్తుంటే చూసి, ఇల్లు కడుతున్నావా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. రాయి కింద పడేసి అక్కడే కూలబడి ఏడ్చాను. తాతకు ఏ రాయి కావాలో తెలియడం లేదని, ఊళ్లో ఇంకా చాలా రాళ్లు మిగిలాయని, అన్నీ నేనెట్లా మోసేదని వెక్కుతూ చెప్పాను.

అక్క వేళ్లు ఆగాయి. చాట పక్కన పెట్టి, నన్ను దగ్గరికి లాక్కుంది. కాసేపు తాతయ్య మంచం వైపు చూసింది.

"గుట్ట మీది రాయి గాదే పిచ్చిపిల్లా గది" అంది. "తాత నిన్ను రాయమంటుండు. రాయి, రాయి అంటుండు. గీ ఇంట్ల బడికి వోయేటిదానివి నువ్వొక్కదానివేనాయె."

నేను ఏడుపు ఆపేశాను. మన భాషలో గుట్ట మీద పడి ఉండేదీ రాయే, పలక చేతికిచ్చి చెప్పేదీ రాయే. ఇన్నాళ్లూ ఇంట్లో ఇంతమందిమి ఒక్క చెవితోనే విన్నాం. సాయంత్రాలు ఆయన అడిగే ప్రశ్న కూడా గుర్తొచ్చింది. ఏం రాయాలని అడిగితే అక్క ఏమాత్రం తడుముకోలేదు. తాత ఏం తిన్నాడు, ఎవరొచ్చారు, ఇంట్లో ఏమైంది, అదే రాయమంది. తాత కేసెట్‌లో మాట్లాడలేకపోతే మస్కట్‌లో ఉన్న బాపుకు ఇక్కడి సంగతులు తెలిసేదెట్లా అంది. ఇంటికి పోయి తన పదో తరగతి లెక్కల నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. సగం దాకా ఆమె తప్పిన లెక్కలు, మిగతా సగం తెల్ల కాగితాలు.

ఆ రోజు రాసింది నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'తాత కొంచెం గంజి తాగిండు. నానమ్మ తలకు నూనె పెట్టింది. తాత తొందర్ల మంచిగైతడు.' అక్క చదివి, చివరి ముక్క మీద వేలు పెట్టింది. అది నేను చూశానా అని అడిగింది. చూడలేదు, అనుకున్నాను అన్నాను. "అనుకున్నది రాయకు" అంది. "సూసింది రాయ్." నేను ఉమ్మితో తుడిచి కాగితం చింపినంత పని చేశాను.

చూసింది రాయాలంటే ముందు చూడాలి కదా. అంతకుముందు నేను తాతయ్య మొహం వైపు చూసేదాన్ని కాదు, చూస్తే ఏడుపు వచ్చేది. ఇప్పుడు రోజూ బడి నుంచి రాగానే ఆయన మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని ఆయనను చూడటమే పని. గడ్డం ఒకవైపే ఎక్కువ పెరిగినట్టు కనబడటం, ఈగ వాలితే కుడి చెయ్యి లేవకపోవడం, అమ్మ కట్టెలపొయ్యి ఊదుతుంటే ఆ చప్పుడుకు తల తిప్పడం, అన్నీ రాశాను. ఆయన "రాయి" అన్నప్పుడల్లా, "రాస్తున్న తాతా" అనేదాన్ని. ఆయన ఊరుకునేవాడు. నెమ్మదించాడనే నేను అనుకునేదాన్ని గానీ, పుస్తకంలో మాత్రం 'తాత ఊకున్నడు' అని మాత్రమే రాశాను. అక్క పెట్టిన షరతు అది.

రాసింది సాయంత్రం ఆయనకు చదివి వినిపించేదాన్ని. బీడీలు చుడుతూ అమ్మ కూడా వినేది. ఒకరోజు 'తాత గోర్ల పసుపు పోయింది' అని చదివాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి పసుపులోనే పనిచేసిన మనిషి. ఆయన గోళ్లు పచ్చగా ఉండటమే నేను చూశాను, ఎంత రుద్దినా ఆ రంగు పోయేది కాదు. మంచాన పడ్డాక గోళ్లు పెరిగి, కత్తిరిస్తే మళ్లీ పెరిగి, తెల్లగా తయారయ్యాయి. అందరి చేతుల్లాగే అయిపోయాయి ఆ చేతులు. ఆ ముక్క వినగానే అమ్మ చాట దించి లేచిపోయింది. ఏదో తప్పు రాశాననుకున్నాను. ఆమె వాకిట్లో ఆరబోసిన కుప్పలోంచి పసుపు కొమ్మొకటి తెచ్చి తాతయ్య ఎడమ చేతిలో పెట్టి వేళ్లు మూసింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నాడు. ఇక అన్నం తినేటప్పుడు కూడా వదలలేదు. నాకు తెలిసినంతలో ఆయన జబ్బులో మేం ఆయనకు సరిగ్గా అందించగలిగింది అదొక్కటే.

అయితే, రాస్తే ఆయన బాగుపడతాడని నాకు ఆశ ఉండేది. ఎవరూ అట్లా చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. ఆయన అడిగింది దొరికింది కాబట్టి ఇక లేచి కూర్చోవాలి కదా! ఎండలు ముదిరాయి, పోయాయి. కొత్త పసుపు విత్తనం నాటే రోజులు వచ్చాయి, వాన పడింది. తాతయ్య మాత్రం మంచంలో ఇంకా ఇంకా చిన్నవాడైపోయాడు.

అప్పుడు ఒక మధ్యాహ్నం ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. అందరూ పొలంలో ఉన్నారు, నానమ్మ ఒక్కతే వంటింట్లో ఉంది. "రాయి" అన్నాడు. రాస్తున్నానన్నాను. తల అడ్డంగా ఊపాడు. కొత్త పేజీ చూపించాను, కాదన్నాడు. పాత పేజీలన్నీ చదివాను, అవీ కాదు. నీళ్లు తెచ్చాను, నానమ్మను పిలిచాను, పసుపు కొమ్ము కింద పడిందేమోనని వెతికి చేతిలో పెట్టాను, చివరికి మంచం కింది రాళ్లు కూడా ఒక్కొక్కటే బయటికి తీశాను. "రాయి, రాయి, రాయి" అంటూనే ఉన్నాడు, నా చెయ్యి వదలకుండా, నా కళ్లలోకి చూస్తూ. ఆ చూపులో ఒక పూర్తి వాక్యం ఉంది. అది నాకు తెలుసు. ఆ వాక్యమేమిటో నాకు తెలియలేదు. నానమ్మ వల్ల కూడా కాలేదు. చివరికి అలసిపోయి తనంతట తనే చెయ్యి వదిలేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను పుస్తకం తీసుకుని, 'తాతకు ఏదో కావాలె. నాకు తెల్వలేదు' అని రాశాను. నేను చూసింది అంతే.

ఆ తర్వాత ఆయన కళ్లు తెరిచింది తక్కువ. వానాకాలం మధ్యలోనే పోయాడు. ఆ రోజు ఇంటినిండా మనుషులు, ఏడుపులు. ఎవరికీ అడ్డం రాకుండా ఒక మూలన కూర్చుని పుస్తకం తెరిచాను. ఎవరెవరొచ్చారో చూశాను, ఆయన కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టడం చూశాను. ఏదీ రాయలేకపోయాను. పెన్ను కాగితం మీద పెడితే ఒక్కటే మాట వచ్చింది. 'రాయి' అని రాసి మూసేశాను.

నాన్నకు టెలిగ్రాం పోయింది. ఆయన రాలేకపోయాడు, పాస్‌పోర్టు అక్కడ పనిచ్చిన సేఠు దగ్గర ఉండిపోయింది. చివరికి చలికాలంలో, పసుపు తవ్వే ముందు వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున తాతయ్య మంచం వాల్చుకుని కూర్చుని నన్ను పిలిచాడు. నేను పుస్తకం తెచ్చిచ్చాను. ఆయన ఐదో తరగతి దాకానే చదివాడు. వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పెదవులు కదుపుతూ, గంజి దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. అమ్మ మజ్జిగ తెచ్చి పెడితే తాగలేదు. గోళ్ల సంగతి దగ్గర తన గోళ్లు చూసుకున్నాడు.

'నాకు తెల్వలేదు' దగ్గర వేలు ఆగిపోయింది.

"నన్నేమన్న అడిగిండానే?" అన్నాడు, నా వైపు చూడకుండా.

అడిగి ఉండొచ్చు. ఆ మధ్యాహ్నమంతా ఆయన అడిగింది కొడుకునే కావచ్చు. ఇంట్లో రాళ్లన్నీ చూపించాను గానీ, నాన్న ఫోటో గోడ మీదే ఉంది, అది తీసి చూపించాలని నాకు తోచలేదు. నాన్న పేజీ తిప్పాడు. చివరి మాట మీద వేలు పెట్టి, గుట్ట రాయి అని రాశానా, రాయమని రాశానా అని అడిగాడు. నాకు తెలియదు, రాయమనే అర్థమని అక్క చెప్పిందన్నాను. అప్పటికి అక్క చాటతో వచ్చి గడపలో నిలబడి ఉంది. తాతయ్య అన్న ఆ మాటకు అర్థం అదేనని ఆమెకెట్లా తెలిసిందో నాన్న ఆశగా అడిగాడు. అక్క మొహం వాడిపోయింది.

"నాకేం ఎరుకన్నా" అంది. "పిల్ల గా రాళ్లు మోస్తుంటే సూడబుద్ధి గాలె. చేతికి ఏదన్న పనుండాలని జెప్పిన."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎందుకు రాలేదో చాలా ఏళ్లు ఆలోచించాను. ఆ ఇంట్లో పెద్దవాళ్లందరూ తాతయ్య కోసం ఏదో ఒకటి చేస్తున్నారు, నన్ను చూసింది ఆమె ఒక్కతే. ఆమె కూడా ఏమీ చేయలేని మనిషే. చేతిలో ఉన్నది ఒక తప్పిన లెక్కల పుస్తకం, అదే ఇచ్చింది.

నాన్న పుస్తకం నా ఒడిలో పెట్టి, పెన్ను కూడా తనే మూత తీసి ఇచ్చాడు.

"ఇయ్యాల్టిది గూడ రాయ్ బిడ్డా" అన్నాడు. "బాపు వచ్చిండు అని రాయ్."

రాశాను. అది ఎవరు చదవాలని ఆయన అనుకున్నాడో నేను అడగలేదు. రాయడం అయ్యాక పుస్తకం తీసుకుని, ఆ ముక్కను కూడా వేలు పెట్టి చదువుకున్నాడు.

అప్పటి నుంచి రాస్తూనే ఉన్నాను. పెళ్లయి ఇందల్వాయి పోయినా, పిల్లలు పుట్టినా, కళ్లజోడు వచ్చినా మానలేదు. గొప్ప సంగతులేం కాదు, చూసినవి. రాయడం వల్ల నా ఇంట్లో ఏ జబ్బూ నయం కాలేదు, పోయేవాళ్లెవరూ ఆగలేదు. అక్క చెప్పిన షరతు ఇప్పటికీ తప్పను, అనుకున్నది రాయను. కొన్ని రోజులు మాత్రం చూసింది కూడా రాయలేను. మా ఆయన పోయిన రోజు అట్లాంటిదే. అట్లాంటి రోజు పేజీలో తాతయ్యకు మిగిలిన ఆ ఒక్క మాటే పెట్టి పుస్తకం మూస్తాను. మొన్న మా మనవరాలు ఆ పేజీ చూసి, ఇదేం రాయి అమ్మమ్మా అని అడిగింది. నాకు తెల్వదు బిడ్డా అన్నాను.